ముందు పోయినవాడు

మొన్న ఒక సాయంకాలము కూరగాయలకై సాక్చీ బజారునకు పోయి, సంచి బరువునకు చేయి నొప్పిపుట్టగా, మూసియున్న ఒక కొట్టు అరుగుమీద కూర్చుంటిని. ఎదుటి దుకాణమునకు కొత్త బోర్డు వ్రాయుచుండిరి. ఈ ఫ్లెక్సీల కాలమున కూడ కుంచెనే నమ్ముకొన్న ఒక ముసలివాడు నిచ్చెన మీద నిలిచి, దుకాణము పేరును సరకుల పేళ్లను ముగించి, అట్టడుగున ఊరి పేరు నాగరిలిపిలో మొదలుపెట్టి, ‘జమ’ అను రెండక్షరములు మాత్రము వ్రాసి, ఏమి తోచెనో, కుంచెను కిరసనాయిలు డబ్బాలో ముంచి టీ త్రాగుటకు దిగిపోయెను. ఎఱ్ఱరంగు ఇంకను తడిగా మెఱయుచుండెను. ఆ దారిని పోవుచున్న భోజపురీ కుఱ్ఱవాడొకడు తలయెత్తి చూచి, పకపక నవ్వి, ‘జముడొచ్చి నెత్తిమీద కూర్చున్నాడు, ఇంక నీ కొట్టుకెవరొస్తారు భయ్యా?’ అను అర్థము వచ్చునట్లు తన భాషలో అనిపోయెను. వాండ్ల పల్లెపలుకులో యముడు జమ్, యమరాజు జమ్‌రాజ్. కొట్టువాడు నవ్వెను. నేనును నవ్వితిని. కాని ఇంటికి వచ్చి కూరలు బుట్టలోనికి వంపిన తరువాత కూడ ఆ నవ్వు నన్ను విడువలేదు. పుట్టి బుద్ధి యెఱిగిన నాటినుండి ఏ ఊరి నీళ్లు త్రాగుచున్నానో, ఆ ఊరి పేరు సగములో ఆపినచో యముని పేరగునా? ఇది వట్టి అక్షరముల కొంటెతనమా, లేక ఆ కుఱ్ఱవాడు తెలియకయే ఏదో పాత తలుపు తట్టిపోయెనా?

నిజము చెప్పవలెనన్న, మా యింట ఆ పేరు పలికినవారే లేరు. విజయనగరము ప్రాంతపు పల్లెలనుండి ఇచటికి వచ్చిన తెలుగువారికి ఈ ఊరు టాటా. ‘మావాడు టాటాలో ఉన్నాడు’, ‘టాటానుంచి మనియార్డరు వచ్చింది’, ‘పిల్లనిచ్చింది టాటా సంబంధానికే’ — ఇట్లే మాటాడిరి గాని, జంషెడ్‌పూరని నాలుక తిప్పుకొని పలికినవారిని నే నెఱుగను. రైలు టిక్కెట్టు మీద స్టేషను సంకేతము కూడ ఆంగ్లమున ఆ నాలుగక్షరములే గనుక, వారి మాటయే చట్టబద్ధమనవలెను. చంటిబిడ్డల చేయి పట్టి ఊపుచు ‘టాటా చెప్పు’ అని నేర్పు తెలుగుదేశమున, ఒక ఊరి పేరే వీడ్కోలు మాట యగుట ఎంత విచిత్రము! మా నాయనమ్మ, కొడుకు రైలెక్కిన దినమును గూర్చి చెప్పుచు, ‘టాటా చెప్పి టాటా యెల్లిపోనాడు’ అని తనలో తాను నవ్వుకొనెడిది; నవ్విన వెంటనే పైటచెంగు కండ్లకు పోయెడిది. మా అమ్మకు మాత్రము పెద్ద పేరును గూర్చి ఒక సిద్ధాంతముండెను. కార్ఖానాలో ఎటు చూచినను షెడ్లే గదా, షెడ్లున్న ఊరు గనుక జంషెడ్‌పూరు. ఈ వ్యుత్పత్తిని ఆమె ఇరుగుపొరుగు స్త్రీలకు కూడ బోధించినది. ఎవరును ఆక్షేపింపలేదు. నిఘంటువులు వ్రాసిన మహామహులు ఇంతకంటె బలహీనమైన ఆధారముల మీద ఇంతకంటె గొప్ప ధీమాతో పలికిన సందర్భములు లేకపోలేదు గనుక, నేనును ఆక్షేపింపను.

అయినను ఆ రాత్రి నిద్రపట్టక నిఘంటువు తీసితిని. ఆ కుఱ్ఱవాని ‘జమ్’ వాని సొత్తే యనుకొంటిని గాని, మన తెలుగు కావ్యములలో యముడు జముడై ఎన్నినాళ్లనుండి తిరుగుచున్నాడు! సంస్కృతపు యకారము మన నోట జకారమగుట క్రొత్తయా? యాత్ర జాతరయైనది, యోగి జోగియైనాడు, యజ్ఞము జన్నమైనది, యౌవనము జవ్వనమైనది, యంత్రము జంత్రమైనది. ఉత్తరాదిన యమున జమునయై, ఆ పేరు మన వెండితెరకు కూడ ఎక్కినది. యమళ మనగా జంట. అదియే మనకు జమిలి. ఇప్పుడు పత్రికలవారు జమిలి ఎన్నికలని దినమునకు పదిమార్లు వ్రాయుచున్నారు గాని, ఆ మాటలో యమధర్మరాజు పేరు దాగియున్నదని తెలిసినచో అభ్యర్థులు నామినేషను వేయుటకు ముహూర్తము మార్చుకొందురేమో! యమ శబ్దమునకు మొదటి అర్థము చావు కాదు, భయము కాదు, దున్నపోతు కాదు, కవల. యముడనగా యమికి తోడబుట్టినవాడు. వారిరువురి సంవాదము ఋగ్వేదపు పదవ మండలమునందే యున్నది. దీపావళి వెళ్లిన రెండవనాడు ఇచట మా పొరుగు కాయస్థుల యింట చిత్రగుప్తునికి కలములు పెట్టి పూజ చేసి, ఆనాడే అక్కచెల్లెండ్ర చేతివంట తిందురు. మన భగినీహస్త భోజనమే అది. యముడంతటివాడు ఏడాదికొకసారి పాశము చిలుకకొయ్యకు తగిలించి చెల్లెలి యింటికి భోజనమునకు పోవునని తలచుకొన్నప్పుడు, ఆతని యందు భయము కొంత తగ్గి బంధుత్వము కొంత పెరుగును.

ఇక ఈ జకారము మన సొత్తు మాత్రమే కాదు, పారసీకులదియును. వారి ప్రాచీన గ్రంథమైన అవెస్తాయందు యిముడను రాజున్నాడు. మన యముని తండ్రి వివస్వంతుడైనట్లు, ఆతని తండ్రి వీవన్హ్వంతుడు. మన యముడు కవలయైనట్లే యిమ శబ్దమునకును కవల యనియే అర్థము. ఆ పేరునకు క్షయేత యను బిరుదము చేరినది. తేజస్వి యని దాని తాత్పర్యము. సూర్యుని పేరైన ఖుర్షీద్‌లోని తుదిభాగమును అదియే. యిమ క్షయేతుడు పలుకుబడిలో అరిగి అరిగి జంషీదైనాడు. గుజరాతు తీరమున దిగిన పారసీల నోట జంషేదై, జంసెట్జీయైనాడు. ఆ యకారమే, ఆ జకారమే; రెండు దేశములలో రెండు నాలుకలు ఒకదాని నొకటి ఎఱుగకయే ఒకే బాట నడచినవి. అనగా బోర్డు వ్రాయు ముసలివాడు ‘జమ’ యని ఆపినప్పుడు, సందేహము లేకుండ యముని పేరునే వ్రాసి ఆపెను! కాని వింత యేమనగా, ఒక తల్లి బిడ్డ యైన ఈ పేరు, రెండిండ్లలో పెరిగి, రెండు విధములైన మనిషియైనది. మన యింట ఆతడు చావునకు దొర. ఎండ తీవ్రమైన ‘యమా ఎండ’, కష్టము వచ్చిన ‘యమయాతన’. వారి యింట ఆతని పాలనలో చలి లేదు, వేడి లేదు, ముసలితనము లేదు, చావు అసలే లేదు. మృత్యువునకు పెట్టిన పేరును, అమృతత్వమునకు పెట్టిన పేరును ఒక్కటియే యైనచో, పేరునకు అర్థ మనునది ఎచట నున్నట్లు?

ఆ యిముని కథను చదువుచుండగా నాకు మా ఊరే కన్నుల గట్టినది. జనము పెరిగి భూమి చాలకపోగా, యిముడు మధ్యాహ్న సూర్యుని దిక్కునకు, అనగా దక్షిణముగా నడచి, బంగారు ములుగఱ్ఱతో నేలను తాకి, తల్లీ విస్తరిల్లుమని వేడెనట. మూడుమార్లు వేడెను, మూడుమార్లు నేల సాగినది. పిమ్మట మహాశీతకాలము రానున్నదని దేవుడు హెచ్చరింపగా, వర యను పేర ఒక నివాసమును మట్టి త్రొక్కి కట్టెను. అందు పెద్దభాగమునకు తొమ్మిది వీథులు, నడిమి భాగమునకు ఆఱు, చిన్నభాగమునకు మూడు. మేలైన మనుష్యుల, పశువుల, చెట్ల విత్తనములను, ఎఱ్ఱని నిప్పును అందు పదిలపఱచెను. వీథుల లెక్కతో సహా చెప్పిన ఇంతటి పాత నగరనిర్మాణ ప్రణాళిక మఱొకచోట నాకు తగులలేదు. 1919 ప్రాంతమున ఈ ఊరికి నక్షా గీసిన టెంపుల్ దొర గాని, 1945 ప్రాంతమున మరల గీసిన కోనిగ్స్‌బెర్గర్ గాని ఆ గ్రంథము చదివిరో లేదో! అంతకుముందే, 1902లో, జంసెట్జీ టాటా తన కుమారుడైన దొరాబ్జీకి వ్రాసిన ఉత్తరములో, ఇంకను చోటైనను తేలని ఊరికి వెడల్పైన వీథులుండవలెననియు, నీడనిచ్చు చెట్లు నాటవలెననియు, అందు వేగముగ పెరుగు జాతిని నడుమ నడుమ నుంచవలెననియు, ఆటలకు మైదానములును, హిందువుల గుళ్లకు, మహమ్మదీయుల మసీదులకు, క్రైస్తవుల చర్చీలకు స్థలములును విడువవలెననియు హెచ్చరించెను. జంషేదను పేరుగలవాడు వీథులను గూర్చి ఆలోచింపక మానడు కాబోలు! 1010 ప్రాంతమున ఫిరదౌసి ముగించిన షానామా యందైతే, జంషీదు చేసిన మొట్టమొదటి పని ఇనుమును మెత్తబఱచి శిరస్త్రాణములు, కవచములు చేయించుట. దానికే యాబది యేండ్లు పట్టినదట. ఇనుప ఊరికి ఇంతకంటె తగిన పేరు వెదకి పెట్టినను దొరకునా? కాని పెట్టినవారు ఇదంతయు ఆలోచించి పెట్టలేదు. 1919 జనవరి 2వ తేదీన, యుద్ధములో ఈ ఊరి ఉక్కు చేసిన సాయమునకు మెచ్చి, వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ వచ్చి సాక్చీని జంషెడ్‌పూరన్నాడు. నల్లమట్టి యని అర్థమిచ్చు కాలీమాటి స్టేషను టాటానగరమైనది. పాత పేళ్లు ఎచటికి పోయినవి? సాక్చీ బజారై మిగిలినది. కాలీమాటి రోడ్డై మిగిలినది. దేవుని గుడిలో పాత విగ్రహమును గోడవారకు చేర్చినట్లు.

పేరునుబట్టి మనిషి యగునా యను సందేహము మాత్రము నన్ను విడువలేదు. షానామాలోని జంషీదే తుదకు గర్వించి తానే దేవుడనెను. ఆతని తేజస్సు ఆతనిని విడిచిపోయెను. జహ్హాకుడను క్రూరుడు పట్టి రంపముతో రెండుగా కోయించెను. కవల యను అర్థముగల పేరువానిని రెండు చేయుట విధి చేసిన పరిహాసము కాక మఱేమి? ఆ పేరు పెట్టుకొన్నవారి జాబితా వ్రాసికొన్నచో ఇంకను కలవరము. సమర్కందులో 1429లో కన్నుమూసిన జంషీద్ అల్ కాషీ, వృత్తపు కొలతను పదునాఱు దశాంశ స్థానములవరకు నిర్దుష్టముగ గణించిన ప్రాజ్ఞుడు. మన గోలకొండ యందు జంషీద్ కులీ యున్నాడు. 1543లో నమాజులో నున్న ముదుసలి తండ్రిని చంపించి, అన్న కన్నులు పొడిపించి, సింహాసన మెక్కినవాడు. పారసీకమున కవిత్వమును చెప్పినవాడట! ఆ జంషీదునకు వెఱచి తమ్ముడైన ఇబ్రహీము విజయనగర సామ్రాజ్యమునకు పాఱిపోయి, అళియ రామరాయల యొద్ద ఏడేండ్లు తలదాచుకొని, అచట తెలుగు రుచి మఱగి, 1550లో మరలివచ్చి రాజై, అద్దంకి గంగాధరుని వంటి కవులను ఆదరించి, వారి నోట మల్కిభరాముడైనాడు. ఇబ్రహీమును ఇభరాముని జేసి, అందొక రాముని దూర్చిన మన కవుల చమత్కారమును తలచుకొని ఎన్నిమార్లు మురిసితినో! ఒక జంషీదు దుష్కృత్యము లేకున్నచో ఆ మురిపెము మనకు లేదు. వీరికి దూరముగ బొంబాయిలో జంషేద్జీ జీజీభాయ్ అనాథయై, పాత సీసాల వ్యాపారముచే సీసాలవాడని పేరుపడి, చీనా వాణిజ్యమున, అందులో నల్లమందునను, కోట్లు గడించి, ఆ ధనముతో ఆసుపత్రి, చిత్రకళాశాల కట్టించెను. కలకత్తాలో జంషేద్జీ మదన్ బయస్కోపు డేరాలు వేసెను. కరాచీ మేయరై ఆ నగరమునకు నీళ్లను, రోడ్లను, నీడను సమకూర్చిన జంషేద్ మెహతా పేర అచట ఒక పేట కలదు. గణకుడు, పితృహంత, దాత, బయస్కోపువాడు — ఒక్క చొక్కాను ఎందఱు తొడుగుకొనిరి! చొక్కా ఎవరినైన మార్చినదా, లేక ప్రతివాడును దానికి తన చెమటవాసన నంటించి విడిచెనా?

పేళ్లును మనవంటి వలసజీవులే. తూర్పునకు పోయిన జంషీదు సువర్ణరేఖా ఖర్కాయి నదుల నడుమ ఊరైనాడు. పడమటికి పోయినవాడు తుర్కీల నోట సగమరిగి జెమ్ అయినాడు. 1463లో బోస్నియాను గెలిచిన సుల్తాను మహమ్మదు తన చిన్నకొడుకునకు ఆ పేరే పెట్టెను. ఆ దారినే మఱొక పారసీక నామమును బోస్నియా చేరినది: మీర్జా. అరబ్బీ అమీరునకు పారసీకపు జాదా చేరి అమీర్‌జాదా, అనగా రాజపుత్రుడు, కుదించుకొని మీర్జా యైనది. ఆ జాదా యనునది మన జాత శబ్దమునకు తోబుట్టువే. ఇప్పటికిని బోస్నియా ముసల్మానులు మగబిడ్డలకు ముచ్చటపడి పెట్టు పేరది. 1980 మాస్కో ఒలింపిక్సులో యుగోస్లావియాకు బాస్కెట్‌బాల్ బంగారు పతకము గెలిచినవారిలో మీర్జా దెలిబాషిచ్ ఒకడు. సరాయెవోలో ఒక క్రీడాశాలకు ఆతని పేరే పెట్టిరి. ఎచటి బోస్నియా, ఎచటి మన మన్నెపు అంచు! కాని మా తాతముత్తాతలు పన్ను కట్టిన విజయనగరపు పూసపాటి ప్రభువులకు మీర్జా, మన్నె సుల్తాన్ యనునవి బిరుదములు. విజయరామ గజపతిరాజను నిండు సంస్కృత నామమునకు ముందు మీర్జా వచ్చి కూర్చున్నచో మా వారికెవరికిని ఎబ్బెట్టు కాలేదు. దర్బారులో ఎవ్వరో బిగ్గరగా పలికియుందురు. గుమ్మము బయట నిలిచిన మా ముత్తాత, అది దేవుని పేరో దేవిడీ పేరో తెలియక, తలపాగా తీసి దండము పెట్టియుండును. సరాయెవోలో ఆ పేరు విని గ్యాలరీలలో కేకలు వేసిన పిల్లవాడును, మా ముత్తాతయును, ఒకరి ఉనికి నొకరు ఎఱుగరు. పేరు మాత్రము ఇరువురి నెఱుగును. ఇది తలచుకొన్నప్పుడు ఏలనో ఓదార్పుగా నుండును. ఏల? అదియు తెలియదు.

మా నాయనకు ఏ బిరుదమును లేదు. ఆయన కవలలో మొదటివాడు; తరువాత కొన్ని గడియలకు చిన్నాయన. కవలలు పుట్టినచో మా వైపు మఱొక ఆలోచన లేదు, రాముడును లక్ష్మణుడునే. యుద్ధకాలమున తిండిగింజలు కఱవై, మా నాయన పద్ధెనిమిదవ యేట, ఊరినుండి మొదటివాడుగా, ఒక సత్తు చెంబు, ఒక దుప్పటి, నాలుగు రోజుల చోడిరొట్టెలు కట్టుకొని ఈ ఊరికి వచ్చి ఖలాసీ పనిలో చేరెను. తమ్ముడు పొలము చూచుకొనుటకు ఉండిపోయెను. కొలిమి కడ ఇనుము కరగుట మొట్టమొదట చూచిన రాత్రి ఆయనకు జ్వరము వచ్చినదట. గుట్టలమీద చిట్టెము ఒలకబోసినప్పుడు ఆకాశమంతయు కాషాయమగును. చిన్నతనమున ఆ వెలుగులో మేము వాకిట నిలిచి పద్యములు అప్పగించెడివారము. ‘యమలోకం ఇలాగే ఉంటాదిరా, గాని ఇక్కడ జీతమిస్తారు’ అని ఆయన అనెడివాడు. మా రెండుగదుల క్వార్టరు ఒక సత్రము. ఆయన వచ్చిన రెండేండ్లకు మేనబావ వచ్చెను. పిమ్మట పక్కింటి తాపీవాని కొడుకు, పిమ్మట ఎవరో దూరపు చుట్టము, ఆతని బావమఱిది. ప్రతివానికిని చాప, చెంబు, టైముకు అన్నము, పని దొరకువఱకు ఖర్చులు. దక్షిణపు బండి వచ్చు రాత్రి నాయన కందిలి పట్టుకొని, అరగంట ముందే, టాటానగరు ప్లాటుఫారము మీద నిలిచెడివాడు. వచ్చువానికి హిందీ రాదు, దారి తెలియదు, భయము. వానికి కందిలి కనబడవలెను. ఒకసారి నేను కూడ వెంబడి పోయితిని. బండి దిగినవాడు నలుదిక్కుల బిక్కమొగము వేసికొని చూచుచుండగా, నాయన కందిలిని తన మొగము వఱకు ఎత్తి, ‘ఓరి, ఇటు ఇటు’ అని పిలిచెను. ఆ పిలుపునకు వాని భుజములు ఒక్కసారిగ దిగుట, చంకలోని మూట జాఱుట, నాకింకను కన్నులలో నున్నది.

తమ్ముడు మాత్రము ఎన్నడును రాలేదు. ‘పొలం ఇడిచి ఎలా వస్తానన్నా’ అని ప్రతి ఉత్తరములోను వ్రాయించెడివాడు. ఒక మాఘమాసపు ఉదయమున, నాయన రాత్రి డ్యూటీ దిగి మొగము కడుగుకొనుచుండగా తంతి వచ్చినది. యముని దిక్కు దక్షిణమందురు. మాకు కబుర్లన్నియు ఆ దిక్కునుండియే వచ్చును, పెండ్లివైనను చావువైనను. తంతి చదివినది నేను. నాయన ఏడ్వలేదు. చేతిలోని చెంబును క్రింద పెట్టి, చాలసేపు దానివైపే చూచి, ‘నాకన్నా ఎనకొచ్చి ముందెల్లిపోనాడు’ అని మాత్రమనెను. కవలలలో ఒకరు పోయినచో రెండవవారు సగమగుదురని లోకమనును. ఆయన సగము కాలేదు. ఏదో లెక్క సరిచూచుకొనుచున్న మనిషివలె కొన్నినాళ్లు మౌనముగ నుండెను. అప్పటికి నాకు పదునేడేండ్లు. ఆ మౌనము నాకు బోధపడలేదు.

ఇప్పుడు, ఈ జమ శబ్దము వెంట తిరిగి తిరిగి, వేదములోని యముని కడకు వచ్చి నిలిచినప్పుడు, కొంత బోధపడుచున్నది. పురాణముల దున్నపోతు, పాశము, ఎఱ్ఱకన్నులు తరువాతి కాలపు అలంకారములు. వేదముల యముడు దండించువాడు కాడు. మర్త్యులలో మొదట మరణించినవాడు, మొదట దారి కనుగొన్నవాడు. ఆకులు దట్టమైన చెట్టు క్రింద కూర్చుండి, వెనుక వచ్చువారికి చోటు చూపువాడు. కఠోపనిషత్తులో నచికేతుడను బాలుడు మూడు రాత్రులు తన గుమ్మమున పస్తున్నందుకు నొచ్చుకొని, వానికి అగ్నివిద్యను, ఎట్టి యిటుకలు, ఎన్ని పేర్చవలెనో ఆ లెక్కతో సహా నేర్పి, పైగా ఆ అగ్ని ఇకమీదట నీ పేరనే చెల్లునని వరమిచ్చినవాడు. నిప్పునకును ఇటుకలకును మనిషి పేరు పెట్టు ఆచారము యమునితోనే మొదలైనదన్నమాట. ఈ ఊరి కొలుములకు అది క్రొత్త కాదు. ఇరానువారి యిముడు బ్రదికియున్నవారికి ముందు నడచి నేలపై చోటు చేసి ఇచ్చెను. మన యముడు చనిపోవువారికి ముందు నడచి దారి చేసి ఇచ్చెను. రెండిండ్లలో పెరిగి రెండైన మనిషి యనుకొంటిని. కాదు, చేసినపని యొక్కటే. ముందు పోవుట, చోటు చూచుట, వెనుకవారికై నిలుచుట. జంసెట్జీయును అంతే గదా! 1839లో నవసారిలో పుట్టి, ఉక్కుకై ఏండ్ల తరబడి కలవరించి, 1904 మే 19న జర్మనీలోని బాద్ నౌహైమ్‌లో కన్నుమూసినవాడు. సాక్చీ యడవిలో మొదటి గుంజ దిగినది 1908లో, మొదటి ఇనుము కరగినది 1911 డిసెంబరులో. తన పేరిట ఊరు ఆతడు చూడలేదు. ఆతని దేహము ఇంగ్లండులో బ్రూక్‌వుడ్ శ్మశానమున నున్నది. ప్రతి యేట మార్చి 3న ఆతని పుట్టినదినమునకు జూబిలీ పార్కు నిండ దీపములు పెట్టినప్పుడు, వేలకొలది జనము పిల్లలను భుజముల మీద కూర్చుండబెట్టుకొని తిరుగుదురు. ఎవరికిని ఆ పేరు అర్థము తెలియదు. తెలియవలసిన పనియు లేదేమో. దీపమెత్తి పట్టినవాని వ్యుత్పత్తిని దారి నడచువాడు అడుగునా?

మా నాయన తొంబదికి రెండేండ్ల ముందు, ఇదే ఊరిలో, మంచమున పడెను. తుదిదినములలో హిందీని, బంగాళీని, నలుబదియేండ్ల డ్యూటీని మఱచి, వట్టి మా ఊరిమాటే మాటాడెడివాడు. ఒక రాత్రి, వాన కురియుచుండగా, నేను ప్రక్కన కూర్చుండి కాళ్లు పట్టుచుంటిని. ఆయన కన్నులు తెఱచి, గడియారమువంక చూచి, బండి వేళైనదా యని యడిగెను. ఏ బండి నాయనా యంటిని. సమాధానము చెప్పలేదు. నా చేయి వణకుచున్నదని తెలిసినదేమో, దానిమీద తన చేయి వైచి, కొత్తగా ఊరినుండి దిగినవాండ్లకు చెప్పు గొంతుతో, మెల్లగా అనెను:

‘బయమెందుకురా. తమ్ముడు టేసనుకొచ్చి ఉంటాడు.’